కొండనాలుకకి మందేస్తే...

2021 డిసెంబర్ 31 రాత్రి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మా ఊళ్ళోనే ఉన్నాను. వీధిలో కుర్రాళ్ళు రోడ్డు మీద రంగులతో హ్యాపీ న్యూ ఇయర్ అని రాస్తున్నారు. నేనేమో లాప్‌టాప్ ముందు కూర్చుని ఎర్ర అక్షరాల ఎర్రర్లు చూస్తున్నాను. అమ్మ వచ్చి "ఏంట్రా, ఎవరో పోయినట్టు మొహం పెట్టావు?" అంది. "పోయిందమ్మా, యాంగ్యులర్‌జేయెస్ పోయింది, ఇవాళే ఆఖరి రోజు" అన్నాను. "అయ్యో పాపం, ఎన్నేళ్ళు?" అంది. మా టీములో పనిచేసే అమ్మాయి అనుకున్నట్టుంది :) పన్నెండేళ్ళని చెప్తే ఇంకా బాధపడుతుందని ఊరుకున్నా.

జోకులు పక్కన పెడితే, ఆ రోజుతో గూగుల్ వాళ్ళు యాంగ్యులర్‌జేయెస్‌కి మద్దతు ఆపేశారు. ఇక బగ్గులొచ్చినా, సెక్యూరిటీ కంతలు బయటపడినా వాళ్ళ దగ్గర్నుంచి ప్యాచ్ రాదు. మా ప్రాజెక్టులో నూట నలభై స్క్రీన్లు దాని మీదే నడుస్తున్నాయి. కొత్త యాంగ్యులర్‌లోకి మార్చే పని ఆరు నెలల ముందే మొదలుపెట్టాం, ముప్పై స్క్రీన్లు అయ్యాయి. ముప్పై ఒకటో స్క్రీన్‌లో, టేబుళ్ళు గీయటానికి వాడే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ దగ్గర బండి ఆగిపోయింది. డాక్యుమెంటేషన్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టినా పని చెయ్యదు. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసిందేంటంటే, ఆ పేజీలో రాసింది మేం వాడే వెర్షన్ గురించి కాదు, రెండు వెర్షన్ల కిందటి దాని గురించి. ఆ ముక్క పేజీలో ఎక్కడా లేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. అప్‌గ్రేడ్ అనే మాటకి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకైతే దొరకలేదు. కానీ ఆ రాత్రి కోపంలోనే ఒక ప్రశ్న పుట్టింది. ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది? ఉన్న నాలుక ఊడకుండా మందేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా పాత రిలీజ్ నోట్సులూ, పాత చర్చలూ తవ్వుకుంటూ పోయా. ఆ తవ్వకాల్లో బయటపడినవి ఇవి.

మొదట పీహెచ్‌పీ. అది ఫ్రేమ్‌వర్క్ కాదు, భాషే. కానీ ఓపెన్ సోర్స్ వెబ్ ప్రోగ్రామింగ్ అంటే చాలామందికి ఓనమాలు దిద్దించింది అదే కాబట్టి అక్కడ్నుంచి మొదలుపెట్టక తప్పదు. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత వెబ్ పేజీ కోసం రాసుకున్న పనిముట్లని 1995లో అందరికీ ఇచ్చాడు. అందులో రిజిస్టర్ గ్లోబల్స్ అని ఒక సౌకర్యం ఉండేది. ఫారంలో ఒక గడికి మీరు ఏ పేరు పెడితే, ప్రోగ్రాంలో ఆ పేరుతో ఒక వేరియబుల్ దానంతటదే పుట్టేది. నేర్చుకునేవాడికి స్వర్గం. దొంగకీ స్వర్గమే. యూఆర్ఎల్ చివర అడ్మిన్=1 అని తగిలిస్తే, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాంలో వాడే అడ్మిన్ అయిపోతాడు.

అందుకని 2002 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0లో ఆ సౌకర్యాన్ని ఆపేసి ఇచ్చారు. కావాలంటే సెట్టింగ్ మార్చుకోవచ్చు, లేదంటే లేదు. చాలా మంచి నిర్ణయం. కానీ అప్పటికే అచ్చయిన పుస్తకాల సంగతేంటి? వాటిలో ఉదాహరణలన్నీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. కుర్రాడు పుస్తకం చూసి ఫారం రాస్తాడు, పేరు నింపి బటన్ నొక్కుతాడు, ఖాళీ పేజీ వస్తుంది. తన తప్పేమో అనుకుని మళ్ళీ మొదట్నుంచి టైపు చేస్తాడు. మళ్ళీ ఖాళీ. ఇక హోస్టింగ్ ఇచ్చేవాళ్ళలో చాలామంది పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని ఆ సెట్టింగ్‌ని మళ్ళీ ఆన్ చేసి కూర్చున్నారు. చివరికి 2009లో 5.3 వచ్చినప్పుడు అది వద్దని హెచ్చరికలు పెట్టి, 2012లో 5.4తో పూర్తిగా పీకేశారు. ఒక్క సెట్టింగ్‌ని సాగనంపటానికి పదేళ్ళు!

నాకిందులో కనిపించిన సంగతి ఒకటే. సాఫ్ట్‌వేర్‌ని ఒక్క రాత్రిలో మార్చెయ్యొచ్చు. దాని గురించి జనం రాసిపెట్టినదాన్ని మార్చలేం. పుస్తకం బీరువాలో ఉంటుంది, పాత పాఠం సెర్చిలో మొదటి పేజీలో ఉంటుంది, సీనియర్ చెప్పిన ముక్క బుర్రలో ఉంటుంది. వాటికి అప్‌డేట్ రాదు.

ఇప్పుడు మన అమీర్‌పేటకి వద్దాం. మా టీము లీడ్‌ని నేను అన్నా అనే పిలుస్తాను. ఆయన 2008లో అమీర్‌పేటలో జావా నేర్చుకున్న బ్యాచ్. ఒకసారి టీ తాగుతూ నేను డాక్యుమెంటేషన్ గురించి ఏడుస్తుంటే నవ్వి, "మాకు డాక్యుమెంటేషన్ అంటే మైత్రీవనం పక్కన జిరాక్స్ షాపే తమ్ముడూ" అన్నాడు. సార్ క్లాసులో చెప్పింది ఎవరో చెయ్యి తిరిగిన కుర్రాడు రన్నింగ్ నోట్స్ రాసుకుంటాడు. ఆ నోట్సుకి జిరాక్స్ పడుతుంది. ఆ జిరాక్సుకి జిరాక్స్ పడుతుంది. కోర్ జావా, సర్వ్‌లెట్స్, జేఎస్పీ, స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ - స్పైరల్ బైండింగ్ వేసి, బరువు లెక్కన అమ్ముతున్నారా అన్నట్టు దొంతర్లుగా పేర్చి ఉండేవట.

స్ట్రట్స్‌ని క్రెయిగ్ మెక్లనహన్ 2000లో రాసి అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చాడు. 2001లో 1.0 వచ్చింది. జావాలో వెబ్ అప్లికేషన్ అంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు జేఎస్పీలో అన్నీ కలిపి వండేస్తున్న రోజుల్లో, ఇది ఇక్కడ ఉండాలి, అది అక్కడ ఉండాలి అని ఒక పద్ధతి నేర్పింది అదే. కొన్నేళ్ళకి దాని లోపాలు బయటపడ్డాయి. అప్పటికి వెబ్‌వర్క్ అని ఇంకో మంచి ఫ్రేమ్‌వర్క్ ఉంది. రెండు టీములూ కలిశాయి. వెబ్‌వర్క్‌ని తీసుకుని, దానికి స్ట్రట్స్ 2 అని పేరు పెట్టి 2007లో విడుదల చేశారు. అంటే పెళ్ళికొడుకు మారిపోయాడు, శుభలేఖ మీద పేరు మాత్రం అదే. స్ట్రట్స్ 1లో ప్రాణం లాంటి యాక్షన్ ఫారం 2లో అసలు లేదు. కాన్ఫిగరేషన్ వేరు, ట్యాగులు వేరు, ఆలోచించే తీరే వేరు.

అన్న దగ్గరున్న నోట్సు స్ట్రట్స్ 1ది. వెళ్ళిన ఇంటర్వ్యూ స్ట్రట్స్ 2కి. "పేరొకటే కదా, ఒక నంబరు తేడా, ఏముంటుందిలే అని వెళ్ళా. యాక్షన్ ఫారం గురించి పావుగంట దంచాను. ఆయన చాలా మర్యాదగా విని, బాబూ అది మేం వాడట్లేదు అన్నాడు" అని చెప్పాడు. మళ్ళీ ఇంకో రెండు నెలలు ఎస్ఆర్ నగర్ హాస్టల్లో. ఇంటి దగ్గర నాన్నకేం చెప్పాలో తెలీక, కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూలు వాయిదా వేశారని చెప్పాడట. ఆ రెండు నెలల హాస్టల్ ఖర్చు ఏ రిలీజ్ నోట్సులోనూ ఉండదు.

ఇక పాత స్ట్రట్స్ 1 మీద కట్టిన అప్లికేషన్లు? 2008 తర్వాత దానికి కొత్త రిలీజే లేదు. 2013 ఏప్రిల్‌లో అధికారికంగా చాప చుట్టేశారు. మార్చటమంటే మళ్ళీ మొదట్నుంచి రాయటమే కాబట్టి చాలా చోట్ల అలాగే వదిలేశారు. ఇది నేను అతి ప్రమాదకరం అనుకునే సంగతి. ఒకసారి అప్‌గ్రేడ్‌లో చెయ్యి కాల్చుకున్నవాడికి ప్రతి అప్‌గ్రేడూ నిప్పులాగే కనిపిస్తుంది. నడుస్తున్న బండిని ముట్టుకోవద్దు అనేది మన మెయింటెనెన్స్ ప్రాజెక్టుల్లో వేదవాక్యం. ముట్టుకోకపోతే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. ఆ ఏడాది మార్చిలో స్ట్రట్స్ 2లో ఒక పెద్ద కంత బయటపడింది, ప్యాచ్ కూడా అప్పుడే ఇచ్చారు. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ సంస్థ ఒక సర్వర్‌లో ఆ ప్యాచ్ వెయ్యలేదు. మే నెలలో దొంగలు దూరారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అక్కడ తప్పు ఆ సంస్థ పద్ధతులది, ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్ళది కాదు. కానీ అప్‌డేట్ అంటే భయం, బద్ధకం అలవాటైన చోట ఎలాంటి బిల్లు వస్తుందో తెలుసుకోటానికి ఇది చాలు.

2005కి వద్దాం. రూబీ ఆన్ రెయిల్స్ కథ. డేవిడ్ హైనమైయర్ హాన్సన్ అనే డేనిష్ కుర్రాడు 2004లో దాన్ని విడుదల చేశాడు. 2005లో పదిహేను నిమిషాల్లో ఒక బ్లాగు అప్లికేషన్ కట్టి చూపించే వీడియో పెట్టాడు. ఆ వీడియో చూసి జావా వాళ్ళకి కళ్ళు తిరిగాయి. మనం ఎక్స్‌ఎమ్మెల్ ఫైళ్ళు నింపుతూ గడిపే టైములో ఆయన సైటు కట్టేశాడు! అందులో మాయ అంతా స్కాఫోల్డ్ అనే ఒక్క మాటలో ఉంది. కంట్రోలర్‌లో ఆ ఒక్క లైను రాస్తే చాలు, డేటాబేస్ టేబుల్‌కి తగ్గ పేజీలన్నీ వాటంతటవే వచ్చేవి.

2007 డిసెంబర్‌లో రెయిల్స్ 2.0 వచ్చింది. ఆ మాయని తీసేశారు. స్కాఫోల్డ్ అన్న పేరుంది, కానీ పని చేసే తీరు మారింది. పేజీల ఫైళ్ళ పేర్ల చివర ఉండే తోక మారింది. పేజినేషన్ని బయటికి పంపి ప్లగిన్ చేశారు. అందరూ చదివే రెయిల్స్ పుస్తకం రెండో ముద్రణ 2006 చివర్లో వచ్చింది, అది 1.2 కోసం రాసింది. మూడో ముద్రణ వచ్చేసరికి 2009. ఈ మధ్యలో రెయిల్స్ నేర్చుకుందామని ఉత్సాహంగా పుస్తకం కొన్నవాడు మొదటి అధ్యాయాల్లోనే బోర్లా పడ్డాడు. మీరు ఆలోచించండి, ఇందులో దెబ్బ ఎవరికి తగిలింది? అనుభవం ఉన్నవాడికి కాదు. వాడు రెండు నిమిషాల్లో కనుక్కుంటాడు. తగిలింది అంతకు ముందు రాత్రే వీడియో చూసి, ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టిన కొత్తవాడికి.

రెయిల్స్ వాళ్ళు బాగుపడ్డారని కూడా చెప్పాలి. 2008 చివర్లో రెయిల్స్ గైడ్స్ అని విషయం వారీగా, ఏ వెర్షన్‌ది ఆ వెర్షన్‌కి రాయటం మొదలుపెట్టారు. అదే డిసెంబర్‌లో పోటీ ఫ్రేమ్‌వర్క్ మెర్బ్‌తో కలిసిపోతున్నామని ప్రకటించి, 2010 ఆగస్టులో 3.0 ఇచ్చారు. అక్కడ కూడా చాలా విరిగాయి. కానీ ఈసారి చదువుకోటానికి ఏదో ఒకటి ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ట్రాజెడీ. పైగా మన తెలుగుకి నేరుగా సంబంధించింది. పీహెచ్‌పీలో ఒక స్ట్రింగ్ పొడవు ఎంతో చెప్పటానికి స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్ ఉంది. దానికి 'తెలుగు' అనే మాట ఇవ్వండి. మనకి కనిపించేవి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము - మొత్తం ఆరు. స్ట్ర్‌లెన్ మాత్రం పద్దెనిమిది అంటుంది! యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు పడుతుంది, ఆ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లనే. వార్త మొదటి వంద అక్షరాలు చూపించు అంటే, ఒక గుర్తుని నడుం దగ్గర నరికేసి చివర వజ్రం బొమ్మలో ప్రశ్నార్థకం పెట్టేది. దీనికి తోడు మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0 వచ్చేదాకా డిఫాల్ట్ లాటిన్-1. సెట్టింగ్ మార్చటం మర్చిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాల వరస. పీహెచ్‌పీతో తెలుగు సైటు కట్టినవాళ్ళెవరినైనా అడగండి, కన్నీళ్ళు పెట్టుకుంటారు.

దీన్ని మూలాల్లోంచి బాగుచెయ్యాలని 2005లో ఆండ్రీ జ్మియెవ్‌స్కీ ముందుండి పని మొదలుపెట్టాడు. భాష మొత్తం లోపల యూనికోడ్‌లోనే ఆలోచించేట్టు మార్చాలి, దానికి పీహెచ్‌పీ 6 అని పేరు. గొప్ప ఆశయం. లోపల అంతా యూటీఎఫ్-16 అన్నారు. వెబ్‌లోంచి వచ్చేదేమో యూటీఎఫ్-8. గుమ్మం దాటిన ప్రతిసారీ లోపలికి ఒక మార్పిడి, బయటికి ఒక మార్పిడి. ఇంగ్లీషు అక్షరాలకి మెమరీ రెట్టింపు. ఎక్స్‌టెన్షన్లన్నీ తిరగరాయాలి, ఆ పని అర్థమైనవాళ్ళు కొద్దిమంది. పని నత్తనడక నడిచింది. అందుకోసం అట్టేపెట్టిన నేమ్‌స్పేసులూ, క్లోజర్లూ లాంటివి తీసి 2009లో 5.3లో ఇచ్చేశారు. 2010 మార్చిలో ఆరో వెర్షన్‌ని అటకెక్కించారు.

ఇంతకీ అసలు ముక్తాయింపు ఏంటంటే, పీహెచ్‌పీ 6 ఎలా నేర్చుకోవాలో చెప్పే పుస్తకాలు అప్పటికే అచ్చయ్యి అమ్ముడవుతున్నాయి! బిడ్డ పుట్టకముందే బారసాల అన్నమాట. లేని సాఫ్ట్‌వేర్‌కి ఉన్న డాక్యుమెంటేషన్. 2014లో తర్వాతి వెర్షన్‌కి 6 అని పెట్టాలా, 7 అని పెట్టాలా అని పెద్ద వాదన జరిగి ఓటింగ్ పెట్టారు. ఆ పాత పుస్తకాలూ, వ్యాసాలూ జనాన్ని గందరగోళపరుస్తాయన్నది 7 వైపు వాదించినవాళ్ళ కారణాల్లో ఒకటి. 7 గెలిచింది, 2015 డిసెంబర్‌లో విడుదలయింది. పుట్టని వెర్షన్ తన డాక్యుమెంటేషన్ బలంతో ఒక అంకెని శాశ్వతంగా ఆక్రమించుకుంది. రాసిపెట్టిన మాటకి ఎంత శక్తి ఉందో చూడండి. మరి తెలుగు సంగతి? ఈ రోజుకీ స్ట్ర్‌లెన్ పద్దెనిమిదే అంటుంది. సరైన లెక్క కావాలంటే వేరే ఫంక్షన్లున్నాయి, అవి ఉన్నాయని ముందు మనకి తెలియాలి.

సరే, అందరూ ఇంతేనా? నాలుక ఊడకుండా మందేసినవాళ్ళు లేరా? ఉన్నారు. జాంగో వాళ్ళు చాలావరకు అలా వేశారు.

జాంగో పుట్టింది సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాదు, పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరుంది. అక్కడి లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక సైటు కోసం 2003లో ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విలిసన్ దాన్ని రాయటం మొదలుపెట్టారు. 2005 జులైలో ఓపెన్ సోర్స్ చేశారు. ఏడ్రియన్ జర్నలిజం చదివినవాడు. వార్త రాసేవాడికి ఒక అలవాటుంటుంది, చదివేవాడికి ముందు సంగతి ఏమీ తెలియదు అనుకుని రాస్తాడు. మన ఇంజనీర్లం అన్నీ తెలుసనుకుని రాస్తాం. జాంగో డాక్యుమెంటేషన్ మొదటి నుంచీ మంచి పేరు తెచ్చుకుందంటే ఇందులో వింతేమీ లేదు.

వాళ్ళు కూడా తెంచారు. 2006లో, లోపల కనపడకుండా జరిగే మాయలన్నీ తీసేస్తున్నామని చెప్పి 0.95తో పాత కోడ్‌ని చాలావరకు పనికిరాకుండా చేశారు. కానీ పాతది ఇలా ఉండేది, కొత్తది ఇలా రాయాలి అని ఒక్కో మార్పునీ పక్కపక్కనే పెట్టి ఒక పెద్ద పేజీ రాశారు. 2008 సెప్టెంబర్‌లో 1.0 ఇచ్చినప్పుడు ఇకమీదట ఇలా తెంచం అని రాతపూర్వకంగా మాటిచ్చారు. ఏదైనా తీసెయ్యాలంటే ముందు హెచ్చరిక, కొన్ని రిలీజులు ఆగాకే తీసెయ్యటం. ప్రతి రిలీజ్ నోట్సులో పాతదానితో పొసగని మార్పులకి ప్రత్యేకంగా ఒక భాగం. కొత్త ఫీచర్ పంపిస్తే దానితో పాటు డాక్యుమెంటేషన్ కూడా పంపాలి, లేకపోతే తీసుకోరు. పేజీ మీద మీరు ఏ వెర్షన్‌ది చదువుతున్నారో కనిపిస్తూనే ఉంటుంది.

వాళ్ళు కూడా దేవుళ్ళేం కాదు. ఏడ్రియన్, జేకబ్ కాప్లాన్-మాస్ కలిసి రాసి ఉచితంగా పెట్టిన జాంగో పుస్తకం రెండో ముద్రణ 2009లో ఆగిపోయి, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళని పాత దారిలోకి లాగుతూనే ఉంది. మంచి పుస్తకం కూడా ముసలిదైతే ప్రమాదమే.

ఇక నా సొంత గాయం. 2016, ఇంజనీరింగ్ మూడో ఏడు. మా సీనియర్ ఒకాయన పెన్ డ్రైవ్‌లో యాంగ్యులర్ వీడియోలు ఇచ్చాడు. "ఇది నేర్చుకో, ఉద్యోగం గ్యారంటీ" అన్నాడు. కాలేజీ నెట్‌లో తిప్పలుపడి లైబ్రరీ దింపుకున్నా. వీడియోలో ఆయన కంట్రోలర్ అంటాడు, స్కోప్ అంటాడు. నా దగ్గర అవేవీ లేవు. గూగులమ్మని అడిగితే సగం జవాబులు ఒక భాషలో, సగం ఇంకో భాషలో ఉన్నట్టున్నాయి. నెల రోజులు తంటాలు పడి, నాకు ఈ ప్రోగ్రామింగ్ అబ్బదు అనే నిర్ణయానికి వచ్చేశా. బ్యాంకు కోచింగ్‌కి ఎంతవుతుందో కనుక్కుని కూడా వచ్చా. జరిగిందేంటో తెలిసేసరికి ఇంకో నెల పట్టింది. వీడియో యాంగ్యులర్‌జేయెస్‌ది, నేను దింపుకున్నది యాంగ్యులర్ 2. మా అన్న స్ట్రట్స్ కథే, ఎనిమిదేళ్ళ తర్వాత నాకు.

యాంగ్యులర్‌జేయెస్‌ని మిష్కో హెవెరీ 2009లో సరదాగా మొదలుపెట్టాడు. 2012లో 1.0 వచ్చింది, ప్రపంచమంతా ఎగబడింది. 2014 అక్టోబర్‌లో పారిస్‌లో జరిగిన సభలో, యాంగ్యులర్ టీము వాళ్ళే తెర మీద సమాధి రాళ్ళ బొమ్మలు వేసి మరీ, కంట్రోలర్లు పోతాయి, స్కోప్ పోతుంది అని ప్రకటించారు. వాళ్ళకది సరదా స్లయిడే. అప్పుడే లక్షల లైన్లు రాసి కూర్చున్నవాళ్ళకి మాత్రం అది నిజంగా సమాధే. అప్పటికి మార్చుకునే దారేంటో చెప్పలేదు. తర్వాత రెండింటినీ పక్కపక్కన నడిపే వంతెన ఇచ్చారు గానీ, పోయిన నమ్మకం పోయింది. ఆఖరి అభ్యర్థి అనుకునే ఆర్‌సీ దశలో కూడా, 2016 ఆగస్టులో, ఎన్‌జీమాడ్యూల్ అని కొత్తది తెచ్చి అమర్చే తీరునే మార్చారు. సెప్టెంబర్ 14న 2.0 వచ్చింది. 2017 మార్చిలో ఏకంగా 4 వచ్చింది, 3 అనేదే లేదు.

దాని తర్వాత వాళ్ళకీ బుద్ధొచ్చింది. ఆరు నెలలకొక వెర్షన్ అని షెడ్యూల్ చెప్పి, 2018లో 6తో పాటు పాత కోడ్‌ని సరిచేసి పెట్టే అప్‌డేట్ కమాండ్ ఇచ్చారు. ఈ మధ్య వెర్షన్ మార్చటం చాలావరకు ఒక పూట పని. చెయ్యొచ్చన్నమాట! ముందే చేసుంటే బాగుండేది, అంతే.

ఇదంతా చదివాక ఎవరైనా అడగొచ్చు. డబ్బులిచ్చావా? ఉచితంగా వాడుకుంటూ ఈ ఏడుపేంటి? లైసెన్సులో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని స్పష్టంగా రాసే ఉంది కదా? నిజమే. చట్టం ప్రకారం నాకు ఒక్క మాట అనే హక్కు లేదు. కానీ ఒక ఫ్రేమ్‌వర్క్ రాసి, సైటు పెట్టి, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది రండి అని పిలిచినప్పుడు, లైసెన్సులో లేని ఒక మాట కూడా ఇచ్చినట్టే. రాసేవాడు ఒక ఫంక్షన్ పేరు మారిస్తే వాడికి ఒక సాయంత్రం ఖర్చు. వాడుకునేవాళ్ళందరి సాయంత్రాలూ కలిపితే ఎంతవుతుందో ఎవరూ లెక్క కట్టరు. మార్చొద్దని నేననను. రిజిస్టర్ గ్లోబల్స్ పోవాల్సిందే, స్కాఫోల్డ్ మాయ పోయినందుకు నాకేం బాధ లేదు. తెంచిన చోట ఒక పలక వేసి, ఇటునుంచి అటు ఎలా వెళ్ళాలో రాసిపెట్టమంటున్నా. జాంగో వాళ్ళు ఇంకా 1.0 కూడా రాకముందే ఆ పని చేశారు కాబట్టి, మనుషులు తక్కువ అనే సాకు నేనొప్పుకోను.

ఇంకో వేలు మన వైపు కూడా చూపించుకోవాలి. ఇన్నేళ్ళుగా మన హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసుల్లో ఈ ఫ్రేమ్‌వర్కుల మీదే బతికాం. పాత పేజీ వల్ల రెండు రోజులు పోగొట్టుకున్నప్పుడు ఏం చేశాం? తిట్టుకుని, జవాబు దొరకగానే టికెట్ మూసేసి, ఇంటికెళ్ళిపోయాం. మన తర్వాత అదే గోతిలో పడేవాడి కోసం ఒక్క లైను రాయలేదు. అమీర్‌పేటలో రన్నింగ్ నోట్స్ రాసిన ఆ పేరు తెలియని కుర్రాడు మనకన్నా నయం. వెర్షన్ తప్పయినా, కనీసం రాశాడు. ఆ నోట్సు మొదటి పేజీలో వెర్షన్ నంబరూ, తారీఖూ వేసి ఉంటే మా అన్న నాన్నకి అబద్ధం చెప్పాల్సిన పని ఉండేది కాదేమో.

ఆ డిసెంబర్ రాత్రి సంగతి పూర్తి చేస్తా. పన్నెండు దాటాక స్క్రీన్ పనిచేసింది. పడుకోబోతూ ఆగి, ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్ పేజీ తెరిచి, ఈ పేజీ ఫలానా వెర్షన్ వరకే వర్తిస్తుంది, ఆ తర్వాత వెర్షన్లలో ఈ పద్ధతి వాడండి అని రెండు లైన్ల మార్పు పంపాను. నా జీవితంలో అది మొదటి ఓపెన్ సోర్స్ ప్యాచ్. మూడు వారాల తర్వాత కలుపుకున్నారు. నడిపేది ఒక్కడే మనిషి, థాంక్స్ అని ఒక్క మాట రాశాడు, తనే రాద్దామనుకుంటూ ఏడాదిగా వాయిదా వేస్తున్నానన్నాడు.

పొద్దున్నే అమ్మ కాఫీ ఇస్తూ "ఏరా, రాత్రి పోయినావిడ వాళ్ళ ఇంటికి ఫోన్ చేశావా?" అని అడిగింది. చేశానమ్మా, రెండు లైన్లు రాసి పంపించా అన్నాను.